కాజాలకెళ్ళింది

ఆ వీధిలో ఎవరి చొక్కా ఆలస్యమైనా, ఎవరి కోటు చెప్పిన రోజుకి అందకపోయినా కారణం ఒక్కటే. కాజాలకెళ్ళింది. టైలరు షాపు మెట్ల దగ్గర నిలబడి "నా బట్టలేవయ్యా?" అని ఎవరైనా అడగడమే తరువాయి, మాస్టారు మెడలో టేపు సవరించుకుంటూ, ముఖం నిండా నవ్వు పులుముకుని, "అయిపోయినట్టేనండీ! కాజాలకెళ్ళింది. రాగానే ఇస్త్రీ చేసి ఇచ్చేస్తాను" అనేవాడు. అయిపోయింది అనడానికీ అయిపోయినట్టే అనడానికీ మధ్య ఎంత దూరముందో కొలవాలంటే ఆ మెడలో టేపు చాలదు.

కాజా అంటే గుండీ దూరే చీలిక. చూడ్డానికి వేలిగోరంత ఉంటుంది. దాన్ని చాకు మొనతో చీల్చి, చుట్టూ దారంతో ఒకదాని పక్కన ఒకటి ముడులు బిగిస్తూ కుట్టుకు రావాలి. ఒక్క ముడి వదులైనా నాలుగు ఉతుకులకి పోగులు లేస్తాయి. ఆ షాపుకి ఆ పని చేసిపెట్టేది మాస్టారి సొంత అక్క. షాపు వెనక పరదా, పరదా వెనక ఇరుకు వరండా, వరండా దాటితే ఆమె ఇల్లు. భర్త దూరప్రాంతాల బస్సు నడుపుతాడు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉండేది ఆమే, ఆమె అత్తగారే. వీధి వీధంతా ఆమెని ముఖాన 'కాజాలక్క' అనీ, చాటున 'ఆ బద్ధకపు మనిషి' అనీ పిలిచేది. రెండో పేరు ఆమెకి చాలాకాలం దాకా తెలియనే తెలియదు.

ముందు తమ్ముడి సంగతి చెప్పాలి. చేతిలో పనితనం లేదా అంటే, ఉంది. లేదంటే అబద్ధమవుతుంది, అబద్ధాలు ఆ షాపులో ఇప్పటికే చాలా ఉన్నాయి. గుడ్డని బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి కత్తెర పెట్టాడంటే చూడాల్సిందే. కొలతలిచ్చిన మనిషి మెట్లు దిగకముందే గుడ్డ ముక్కలైపోయేది. "చూశారా, మీ పని అప్పుడే మొదలైపోయింది!" అనేవాడు. వాళ్ళు మురిసిపోయేవాళ్ళు. పిచ్చి జనం! ఒక టైలరు కత్తిరించిన గుడ్డని ఇంకో టైలరు ముట్టుకోడు. కత్తెర పడ్డ క్షణాన వాళ్ళ చొక్కా మొదలవలేదు, చిక్కుకుపోయింది. ఆ ముక్కల్ని పొడుగాటి కచ్చా కుట్లతో ఒకచోటికి లాగి, మూట కట్టి, అరలోకి తోసేసేవాడు. ఇక అది మిషను ఎక్కేదెప్పుడో ఆ మూటకీ తెలియదు, మాస్టారికీ తెలియదు. అరల నిండా మూటలు, బల్ల కింద మూటలు, కుర్చీ మీద మనిషి కూర్చోవలసిన చోట మూటలు. అన్నీ మొదలైనవే. ఆరంభశూరత్వానికి పోటీ పెడితే మొదటి బహుమతి అతనిదే. ఆ బహుమతి కూడా రేపు వచ్చి తీసుకుంటానని అక్కడే వదిలేసి వచ్చేవాడు.

ఇక అక్క పొద్దున్నే ఇంటి పని ముగించుకుని, సూదిలో దారం ఎక్కించి, వరండాలో పీట వేసుకుని కూర్చునేది. "ఏమైనా ఉందా రా?" అని పరదాలోంచి అడిగేది.

"ఇదిగో అక్కా, చేతులు అతికించేస్తున్నా. నువ్వెక్కడికీ వెళ్ళకు."

నువ్వెక్కడికీ వెళ్ళకు. ఆ ఒక్క మాట మీద ఆమె వయసు సగం గడిచిపోయింది. బజారుకి వెళ్ళాలంటే పని వస్తుందేమోనని భయం. ఒక కునుకు తీద్దామంటే పరదా కదులుతుందేమోనని అనుమానం. పక్కవీధిలో స్నేహితురాలు పురిటి నుంచి లేచి ఇంటికొస్తే, వెళ్ళి చూసొద్దామని సూది పక్కన పెట్టి లేచి, "ఇదిగో అయిపోతోందక్కా" అన్న మాటకి మళ్ళీ కూర్చుంది. ఆ పసిపిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. పగలంతా ఖాళీ చేతులతో గోడ చూస్తూ కూర్చోవడం, దీపాలు పెట్టే వేళకి పరదా పక్కకి జరిగి ఒళ్ళో గుట్ట పడడం. "రేపు పొద్దున్నే వస్తారక్కా, పరువు పోతుంది" అనడం. వాయిదాలు వేసేవాడు తన కాలాన్ని పాడు చేసుకుంటాడని పెద్దలు చెబుతుంటారు. శుద్ధ తప్పు. వాడు తన కాలాన్ని భద్రంగానే ఉంచుకుంటాడు. పాడుచేసేది పక్కవాళ్ళ కాలాన్ని.

అన్నం పెట్టే విద్య ఇద్దరికీ నాన్న దగ్గరే వచ్చింది. ఆయన పోయే ముందు కత్తెర కొడుకు చేతిలో పెట్టాడు, సూదుల డబ్బా కూతురి చేతిలో పెట్టాడు. కత్తెర పట్టినవాడు మాస్టారు, సూది పట్టినది అక్క. అంతే పంపకం. ఆ తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఈ అక్కేనన్న సంగతి ఆ వేళ ఎవరికీ గుర్తు రాలేదు.

అలాంటి ఆమెకి ఒక కుర్చీ మీద మనసు పడింది. పెద్ద రోడ్డు చివర ఆస్పత్రులకి యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపు ఉంది. అందులో ఫినిషింగ్ విభాగం చూసుకోవడానికి మనిషి కావాలని తెలిసింది. కాజాలు, గుండీలు, అంచులు సరిచూడడం పని. పొద్దున వెళ్ళి సాయంత్రం రావడం. కుర్చీ, బల్ల, తల మీద మంచి దీపం. పని అయ్యాక చేతులు కడుక్కుని ఇంటికి. ఇంటికొచ్చాక పరదా ఉండదు. ఆ చివరి మాట తలుచుకుంటేనే ఆమెకి ప్రాణం లేచొచ్చేది. బుధవారం పొద్దున్న తను కుట్టిన కాజాల నమూనా ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని, తమ్ముడితో చెప్పకుండా వెళ్ళింది.

వర్క్‌షాపు సూపర్‌వైజరు సన్నగా, నిటారుగా ఉండే మనిషి. నమూనా ముక్కని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, ముడుల మీద బొటనవేలితో రాసి, వెనక్కి తిప్పి చూసింది.

"ఇవి మీరే కుట్టారా?"

"నేనేనండీ."

"ఇంత శుభ్రమైన చెయ్యి ఈ మధ్య చూడలేదు. ఎక్కడ చేస్తున్నారు?"

అక్క షాపు పేరు చెప్పింది. సూపర్‌వైజరు ముఖంలో వెలుగు కాస్తా ఆరిపోయింది. "ఓహో, ఆ కాజాలావిడ మీరేనా?" అని, మర్యాద కోసమన్నట్టు, "పాపం, మీ అత్తగారు పోయారట కదా" అంది.

"మా అత్తగారా?" అక్క తెల్లబోయింది. "పొద్దున నేనొచ్చేటప్పుడు టీలో పంచదార తక్కువైందని పోట్లాడి పంపించిందండీ."

"కిందటి చలికాలంలో పోయారని మీ తమ్ముడే చెప్పాడే? అంతకు ముందు కూడా ఒకసారి..." సూపర్‌వైజరు ఆగి, లెక్క కుదరక కళ్ళు చిట్లించింది. "రెండుసార్లు ఎలా పోతారు?"

"ఇంకా ఏం చెప్పాడండీ?"

"మీ చెయ్యి విరిగిందన్నాడు. మీరు చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోయారన్నాడు. పని మీద ధ్యాస లేదు, పగలంతా గోడకి ఆనుకుని కూర్చుంటుంది, 'అక్క కదండీ, ఏమనగలను?' అన్నాడు. మా వీధిలో ఎదురైన వాళ్ళందరికీ అదే చెప్పాడు. నా తెల్లకోటు కూడా మీ దగ్గరే ఉంది. మొన్న అడిగితే కాజాలకెళ్ళిందన్నాడు."

"నా దగ్గరికా?"

"మరి కాజాలకంటే మీ దగ్గరికే కదా?"

సూది కోసం సోదికి వెళితే పాత బాగోతం బయటపడ్డట్టు, అక్కకి అక్కడ బయటపడింది. ఆ మాట ఆమె వినలేదని కాదు. పరదా వెనక కూర్చుని కొన్ని వేలసార్లు విని ఉంటుంది. వినీ వినీ గడియారం చప్పుడులా చెవికి ఆనడం మానేసింది. అదో షాపు మాట అనుకుంది, కాజాలంటే ఏదో ఊరి పేరైనట్టు. కాజాలంటే తనేనని, బట్టలన్నీ తన ఒళ్ళో మూలుగుతున్నాయని జనం అనుకుంటారని ఒక్కనాడూ తట్టలేదు.

సూపర్‌వైజరు మంచి మనిషే, కానీ మెత్తని మనిషి కాదు. "చూడండమ్మా. ఈ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో శుక్రవారం సాయంత్రం నేను పైవాళ్ళకి చెప్పాలి. శనివారం ఆస్పత్రివాళ్ళు వస్తున్నారు, ఆ కోటు నాకు అప్పుడు కావాలి. శుక్రవారం సాయంత్రానికి కోటు నా చేతికొస్తే మీ మాట నమ్ముతాను. రాకపోతే వీధి మాట నమ్ముతాను" అంది.

అక్క వెనక్కి ఎలా నడిచొచ్చిందో ఆమెకే తెలియదు. ఒళ్ళంతా మండుతోంది. ఆలస్యమైనందుకు కాదు. చెయ్యి విరిగిందన్నందుకూ కాదు. 'అక్క కదండీ, ఏమనగలను?' అన్నాడే, ఆ ముక్క దగ్గర మండుతోంది. పగలంతా కూర్చోబెట్టినవాడు వాడు. కూర్చుందని చెప్పుకున్నవాడూ వాడే. ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి చూశాం గానీ, ఆ మద్దెల మీద జాలి పడుతూ నలుగురిలో మంచివాడనిపించుకున్నవాణ్ణి ఇక్కడే చూడాలి.

షాపులోకి పరదా వైపు నుంచి రాలేదు. మెట్ల వైపు నుంచి, వచ్చేవాళ్ళు వచ్చే దారిన వచ్చింది. తమ్ముడు ఎవరిదో కొత్త గుడ్డ బల్ల మీద పరుస్తున్నాడు.

"ఒరేయ్, కాజాలకెళ్ళింది అంటే ఎక్కడికెళ్ళినట్టురా?"

"అదేంటక్కా?" నవ్వాడు. "అదో మాట. అందరు టైలర్లూ అంటారు."

"అందరు టైలర్ల అక్కలూ పరదా వెనకే కూర్చుంటారా?"

వాడు గుడ్డ మడత సరిచేశాడు. అక్క అరలు లాగడం మొదలుపెట్టింది. మూటలు ఒక్కొక్కటీ నేల మీద పడుతున్నాయి. అడుగు అరలో, అన్నిటికీ వెనక, దొరికింది తెల్లకోటు. కోటు అనడం దానికి గౌరవం. కచ్చా కుట్లతో వేలాడుతున్న ముక్కలు. సుద్ద గీతలు కూడా చెరగలేదు. గుండీల పొట్లం విప్పనైనా లేదు.

"ఇది కాజాలకెళ్ళిందా? చేతులే లేవు దీనికి, పాకి ఎలా వచ్చిందిరా నా దగ్గరికి?"

"అక్కా, మెల్లగా, వీధిలో వింటారు."

"విననీ! ఇన్నాళ్ళూ నీ మాట విన్నారు, ఇవాళ నాది వింటారు. మా అత్తగారిని ఎన్నిసార్లు చంపావురా?"

తమ్ముడు టేపు వంక చూసుకున్నాడు. "రెండుసార్లే" అన్నాడు, గొంతు తగ్గించి.

అక్కకి ఆ 'రెండుసార్లే'లో 'లే' విన్నాక ఇక వాదన దండగనిపించింది. ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. "ఈ కోటు శుక్రవారం మధ్యాహ్నానికి నా ఒళ్ళో ఉండాలి. దాని మీద నా ఉద్యోగం ఉంది."

"దానికేం భాగ్యం! రేపు పొద్దున్నే మొదటి పని అదే" అన్నాడు నిమ్మకు నీరెత్తినట్టు. అంటూనే చేత్తో సుద్ద తీసుకుని, కొత్త గుడ్డ మీద గీత మొదలుపెట్టాడు.

ఆ గీత చూసేదాకా అక్క తిట్టి ఊరుకుందామనే అనుకుంది. ఇక ఊరుకోలేదు. బల్ల మీదున్న కత్తెర అందుకుంది. నాన్న కత్తెర. ఇనుముది, బరువైనది. పిడి నాన్న బొటనవేలికి అరిగి, తర్వాత తమ్ముడి వేలికి అరిగింది. చిన్నప్పుడు ముట్టుకుంటే చేతి మీద దెబ్బ పడేది. దాన్ని చీర కొంగులో చుట్టుకుని, వరండా దాటి ఇంట్లోకి వెళ్ళి, అత్తగారి దిండు కింద పెట్టి, జరిగింది ముసలావిడ చెవిలో గట్టిగా చెప్పింది.

తమ్ముడు వెంటపడి వచ్చాడు గానీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అత్తగారు దిండు మీదికి జరిగి కూర్చుని, "నన్ను రెండుసార్లు చంపాడటగా! మూడోసారి చంపి తీసుకెళ్ళమను" అంది. ఆ రోజంతా ఆవిడ టీలో పంచదార గురించి మాట్లాడలేదు.

గురువారం ఆ షాపు చూడాలి. కత్తెర లేని టైలరు అంటే గరిటె లేని వంటవాడు. పొద్దున్న ఒకాయన ప్యాంటు గుడ్డ తెచ్చాడు, మాస్టారు కొలతలు తీసుకుని కూడా కత్తిరించలేక నీళ్ళు నమిలాడు. ఇంకో ఆవిడ వచ్చింది. అక్క పరదా పక్కకి లాగి, "ఇవి ముందు కుట్టాలండీ, ఆ తర్వాతే కొత్తవి" అని నేల మీది మూటలు చూపించింది. ఆవిడ తన గుడ్డని గుండెకి హత్తుకుని వెళ్ళిపోయింది. తమ్ముడు అరువు కత్తెర కోసం వెళ్ళి, ఏ టైలరూ తన కత్తెర ఇంకొకరికి ఇవ్వడు కాబట్టి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వచ్చి బల్ల తుడిచాడు. మిషనుకి నూనె వేశాడు. సుద్దలన్నీ చెక్కి మొనలు తీశాడు. కోటు మాత్రం ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి చేయడానికి ఇంకేమీ మిగలక, వరండాలోకొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సరిగ్గా అక్క రోజూ కూర్చునే చోట.

"కూర్చో. ఎలా ఉంటుందో చూడు" అంది అక్క.

"ఇదేం కక్షక్కా?"

"కక్షే. నీ చేతిలో పనుంది, ఎందుకు చెయ్యవు? బద్ధకమా అంటే కాదు, పొద్దుణ్ణుంచీ చూస్తున్నా, సుద్దముక్కలకి కూడా మొనలు తీశావు. ఆ కోటు ఏం పాపం చేసింది?"

వాడు నేల చూస్తూ అన్నాడు. "కత్తిరించేటప్పుడు అంతా బాగానే ఉంటుందక్కా. కొత్త గుడ్డ, ఎదురుగా మనిషి, వాళ్ళ ముఖంలో సంబరం. కుట్టాకే గదా తెలిసేది, భుజం ఎక్కిందో జారిందో. నాన్న ఎలా చేసేవాడో గుర్తుందిగా? కుట్టి చేతికిస్తే వెలుతురులో పెట్టి చూసి, బ్లేడు తీసుకుని చర్రున విప్పేసేవాడు. ఒక్కసారైనా బాగుందన్నాడా? కుట్టనంతసేపూ ఎవరూ విప్పలేరు."

అక్కకి ఆ బ్లేడు చప్పుడు గుర్తుంది. మనసు ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే అత్తగారి రెండు చావులూ గుర్తొచ్చాయి.

"నీకు భయముంటే నీ భయం నువ్వు పడు. దానికి నా పేరెందుకు పెట్టావురా?"

వాడు నేల మీది దారప్పోగు ఏరి వేలికి చుట్టుకున్నాడు.

"నాన్న లేడు. బ్లేడు పట్టుకుని ఎవడూ రాడు. రేపు కోటు రాకపోతే పోయేది నా కుర్చీ. వెళ్ళి కుట్టు. వంకరొస్తే వంకరదే ఇవ్వు. ఇంకో మాట, ఇక మీదట దీపాలు పెట్టాక ఆ పరదా జరిపావంటే సూదితో కాదు, దబ్బనంతో చెబుతా సమాధానం."

తమ్ముడు లేచి వెళ్ళాడు. కాసేపటికి మిషను చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. అక్క పీట తీసుకెళ్ళి షాపులోనే, మిషను పక్కన వేసుకుని కూర్చుంది. కాలరు దగ్గర వాడు విప్పబోతే చేతి మీద ఒకటి వేసింది. "బాలేదక్కా" అన్నాడు. "బాగానే ఉంది, నడుపు" అంది. నాన్న ఒక్కసారీ అనని మాట ఇంత విసుగ్గా, ఇంత గట్టిగా వినాల్సొస్తుందని వాడు అనుకుని ఉండడు.

శుక్రవారం పొద్దు వాలే వేళకి కోటు ఆమె ఒళ్ళో పడింది. చేతులున్నాయి, కాలరుంది, జేబులున్నాయి. మధ్యాహ్నమన్నది సాయంత్రమైంది, మిగిలిన సమయం బొటాబొటి. అక్క సూది అందుకుంది. చేతులు వాటంతటవి పోతున్నాయి, నోరు దాని దారిన అది తిడుతోంది. అక్క కదండీ, ఏమనగలనట. అంటాడు, ఎందుకనడు! ఒక్కో తిట్టుకీ ఒక్కో ముడి. అంత గట్టి కాజాలు ఆమె జన్మలో కుట్టి ఉండదు. చివరి కాజా ముగించి, గుండీలు కుట్టడానికి కోటు తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది.

కాజాలు ఎడమవైపున్నాయి.

మగవాళ్ళ చొక్కాలకి కాజాలు ఎడమవైపు, ఆడవాళ్ళ కోట్లకి కుడివైపు. ఆ షాపులో ఏళ్ళ తరబడి వచ్చినవి చాలావరకు మగవాళ్ళ బట్టలే. కళ్ళు కోపంలో ఉంటే చేతులు అలవాటు వైపు పోయాయి. కచ్చా కుట్టయితే లాగేయొచ్చు, మిషను కుట్టయితే విప్పొచ్చు. చీల్చిన కాజాని ఏ దేవుడూ అతికించలేడు.

తమ్ముడు చూశాడు. వాడికి అర్థమైంది. నిజానికి వాడిది చెడ్డ మనసు కాదు, అదే ఇంకా ఒళ్ళు మండించే సంగతి. పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా, "ఏం ఫరవాలేదక్కా, నేను చూసుకుంటాను. కరెంటు పోయిందని చెబుదాం. ముందు భాగం మళ్ళీ కత్తిరించి సోమవారానికి..." అన్నాడు.

"నోర్ముయ్" అంది అక్క. కానీ ఆ మాట వాణ్ణి ఒక్కణ్ణే అన్నది కాదు. వాడు నోరు తెరవకముందే ఆమె నోట్లో ఒక వాక్యం తయారై కూర్చుంది. 'ఆడవాళ్ళ కోటు అని వాడు చెప్పలేదండీ.' ఎంత నున్నగా, ఎంత వెంటనే వచ్చిందో! కోటు ఎవరిదో తెలిసి, బుధవారం నుంచీ దాని కోసమే పోట్లాడిన మనిషికి ఆ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? దాన్ని మింగేసి, గుండీలు కుడివైపు కుట్టి, కోటు మడిచి సంచిలో పెట్టుకుని బయల్దేరింది.

వర్క్‌షాపులో దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. సూపర్‌వైజరు గోడ గడియారం చూసి, ఆమెని చూసి, చెయ్యి చాపింది. అక్క కోటు ఇచ్చి, ఆవిడ మడత విప్పేలోపే చెప్పేసింది. "కాజాలు తప్పు వైపు పడ్డాయండీ. మగవాళ్ళ వైపు. తప్పు నాదే. కోపంలో చూసుకోలేదు."

సూపర్‌వైజరు కోటు తొడుక్కుంది. భుజాలు సరిపోయాయి. గుండీలు పెట్టుకోబోతే వేళ్ళు తడబడ్డాయి, విసుక్కుంది, మళ్ళీ ప్రయత్నించింది. "కోపమొచ్చినప్పుడల్లా మీకు ఇలా పక్క మారిపోతుందా?" అంది.

"పక్క మారిందేమో గానీ, రోజు మారలేదు కదండీ."

ఆవిడ ఆఖరి గుండీ కూడా పెట్టుకుని, కాజా మీద బొటనవేలితో రాసింది. "రేపు అందరూ నన్ను చూసి నవ్వుతారు" అంది చిరాగ్గా. తర్వాత, "సోమవారం పొద్దున్నే రండి. ఆ కుర్చీ కొంచెం ఊగుతుంది, చూసి కూర్చోండి" అంది.

అక్క షాపుకి తిరిగొచ్చేసరికి తమ్ముడు మెట్ల మీద ఎదురుచూస్తున్నాడు. "ఏమందక్కా?" అని అడిగేలోపే వెనక నుంచి గొడుగు నేలకి పొడుస్తూ ఒక పెద్దాయన వచ్చాడు. రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనాయన. "నా చొక్కా ఏదయ్యా?"

తమ్ముడి ముఖం మీదికి పాత నవ్వు దానంతటదే వచ్చేసింది. "అయిపోయినట్టేనండీ! కాజా..."

అక్క పక్కనే నిలబడి ఉంది. ఊరికే చూసింది.

వాడు నోరు మూసి, తెరిచి, మెట్ల వంక చూస్తూ, "నేనింకా మిషను మీద పెట్టలేదండీ" అన్నాడు. "కత్తిరించి ఊరుకున్నాను."

పెద్దాయన గొడుగు గాల్లోకి లేచింది. "రైలు ఆలస్యమైతే మైకులో చెబుతాం కదయ్యా! జనం బెంచీ మీద పడుకుంటారు, టీ తాగుతారు, ఇంటికి పోయి వస్తారు. నువ్వు ఇంజను షెడ్డులోనే పెట్టుకుని, వచ్చేస్తోంది, పక్క స్టేషను దాటింది అన్నావు!" అని, చటుక్కున అక్క వైపు తిరిగాడు. గొంతు మారిపోయింది. "ఇన్నాళ్ళూ నిన్ను తిట్టుకున్నానమ్మా. వీధిలో నలుగురితోనూ తిట్టాను."

అక్క తమ్ముడి వైపు వేలు చూపించింది. "ఆ తిట్లన్నీ వాడివండీ, వాడికిచ్చేయండి" అంది. పెద్దాయన బాకీ ఏమీ ఉంచుకోలేదు. అక్క మెట్టు మీద కూర్చుని అన్నీ వింది, ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు.

సోమవారం పొద్దున్నే పెద్దాయన మళ్ళీ వచ్చాడు. తమ్ముడు చొక్కా బల్ల మీద పెట్టుకుని, సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. చొక్కా అంతా కుట్టేశాడు. మిగిలింది నిజంగానే కాజాలే. వెనక పరదా పక్కకి కట్టేసి ఉంది. వరండాలో పీట ఖాళీగా ఉంది. కత్తెర ఇంకా ముసలావిడ దిండు కిందే ఉంది, అరలు ఖాళీ అయ్యేదాకా అక్కడే ఉంటుంది.

"మీ అక్కేదయ్యా?"

"కాజాలకెళ్ళిందండీ."

పెద్దాయన గొడుగు ఎత్తబోయి, తమ్ముడి ముఖం చూసి ఆగాడు. ఆ ముఖం మీద నవ్వు లేదు. ఎత్తిన గొడుగు దించి, వర్క్‌షాపు ఉన్న ఆ పెద్ద రోడ్డు వైపు ఒకసారి చూసి, స్టూలు లాక్కుని మిషను పక్కన కూర్చున్నాడు.

"అయితే ఇవి నువ్వే కుట్టు. నేను చూస్తుంటాను" అన్నాడు.